ఆఫ్ చేయని ఆట: 35 ఏళ్ల తర్వాత పలికిన ఒక సైమన్ కేసు

2024 డిసెంబర్ మొదటి వారంలో ఒక టీచరమ్మ కావలిలోని మా షాపుకి వచ్చారు. చంకలో పాత చీర ముక్కలో చుట్టిన గుండ్రటి మూట. బల్ల మీద పెట్టి ముడి విప్పారు. నల్లటి ప్లాస్టిక్ వస్తువు, అడుగుకి కాస్త తక్కువ వెడల్పు, పైన నాలుగు పెద్ద మీటలు. ఎడమ పైన పచ్చ, కుడి పైన ఎరుపు, కుడి కింద నీలం, ఎడమ కింద పసుపు. అటక మీది దుమ్ము మీటల సందుల్లో గట్టిపడి సున్నంలా అయిపోయింది.

"ఇదేందో మీకు తెలుసా అన్నా?" అని అడిగారు.

తెలుసు. అది సైమన్. 33 ఏళ్ల మెకానిక్ పనిలో నా బల్ల మీదికి వచ్చిన రెండో సైమన్. మొదటిదాన్ని నేను బతికించలేకపోయాను, దాని చిప్పే పోయింది. అందుకని దీన్ని చూడగానే సంతోషంతో పాటు కాస్త భయం కూడా వేసింది.

"ఊళ్ళో పాతిల్లు పడగొట్టిస్తున్నాం. అటక మీద దొరికింది. సంక్రాంతికి మా తమ్ముడు వస్తాడు, వాడికి చూపించాల. మోగితే చాలన్నా. లోపలిదంతా తీసేసి కొత్త సర్క్యూట్ పెట్టినా సరే, ఎల్ఈడీలు పెట్టినా సరే" అన్నారు.

జాబ్ పుస్తకంలో "సైమన్ గేమ్, డెడ్, సంక్రాంతి లోపల" అని రాసుకున్నాను. కొత్త సర్క్యూట్ మాట మాత్రం రాసుకోలేదు. "ముందు ఉన్నదాన్ని చూద్దాం మేడమ్. అది బతికుంటే దాని జోలికి పోవద్దు" అని చెప్పాను.

రిపేరు షాపుల్లో "పనిచేస్తోంది" అనగానే జాబ్ క్లోజ్ చేస్తాం. ఫ్యాన్ తిరిగితే అయిపోయినట్టు, మిక్సీ రుబ్బితే అయిపోయినట్టు. చిన్నప్పటి ఆటవస్తువు వస్తే అక్కడ క్లోజ్ చేయకూడదు. అది ఆ ఇంట్లోవాళ్ల చెవికి, వేలికి ఎలా గుర్తుందో అలాగే పనిచేయాలి. ఈ సంగతి నాకు ఈ కేసులోనే తెలిసొచ్చింది, అదీ ఒక పొరపాటు చేశాక. ఇలాంటివి అటకల మీద దాచుకున్నవాళ్లకి, వాటిని విప్పబోయే మెకానిక్ మిత్రులకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

ఆట సంగతి

అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1978లో సైమన్‌ని విడుదల చేసింది. ధర 24.95 డాలర్లు. రూపొందించింది రాల్ఫ్ బేర్, హోవర్డ్ మారిసన్. బేర్ అంటే టీవీకి తగిలించి ఆడే మొట్టమొదటి గేమ్ యంత్రం మాగ్నవాక్స్ ఒడిస్సీ వెనక ఉన్న మనిషి. అటారీ కంపెనీ 1974లో తెచ్చిన టచ్ మీ అనే ఆర్కేడ్ మెషీన్ వీళ్లిద్దరి కంట పడింది. ఆలోచన బాగుంది, శబ్దాలు మాత్రం వికారంగా ఉన్నాయని బేర్‌కి అనిపించింది. తన ఆటకి నాలుగే స్వరాలు పలికే వాయిద్యం కోసం వెతికి, మిలిటరీ వాళ్లు ఊదే బ్యూగుల్ దగ్గర ఆగాడు. బ్యూగుల్ స్వరాలు ఏ వరసలో పలికినా చెవికి ఇంపుగానే ఉంటాయి. సైమన్ నాలుగు మీటల కింద ఉన్నవి ఆ తరహా స్వరాలే. పచ్చ 415 హెర్ట్జ్ (అంటే సెకనుకి 415 కంపనాలు), ఎరుపు 310, పసుపు 252, నీలం 209. ఈ నాలుగు అంకెలూ గుర్తు పెట్టుకోండి, కేసంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఆడే పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సైమన్ ఒక మీట వెలిగించి మోగిస్తుంది, మనం అదే నొక్కాలి. తర్వాత దానికి ఇంకోటి చేరుస్తుంది, రెండూ వరసగా నొక్కాలి. అలా ఒక్కొక్కటీ పెరుగుతూ పోతుంది, పోనుపోను వేగమూ పెరుగుతుంది. తప్పితే గాడిద అరుపులాంటి మోత. నాలుగు స్థాయిలున్నాయి, ఆఖరిది దాటాలంటే 31 గుర్తుంచుకోవాలి. మధ్యలో చిన్న మీటల్లో ఒకదాని పేరు లాంగెస్ట్. అది నొక్కితే స్విచ్ ఆన్ చేసినప్పటి నుంచి ఆడిన ఆటల్లో అన్నిటికన్నా పొడుగైన వరసని సైమన్ మళ్ళీ వాయించి చూపిస్తుంది. ఆఫ్ చేశామా, మర్చిపోతుంది.

లోపల ఉండేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఎంఎస్ 1000 జాతి చిప్పు. నాలుగు బిట్లది. ప్రోగ్రాంకి 1 కిలోబైట్ చోటు, జ్ఞాపకానికి నాలుగేసి బిట్లు పట్టే 64 గళ్లు. అంతే. ఈ రోజు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మకి ఇంతకి వందల రెట్లు చోటు కావాలి. ప్రోగ్రాంని ఫ్యాక్టరీలోనే చిప్పులో అచ్చు పోసేస్తారు, బయటి నుంచి ఎక్కించడం కుదరదు. కాబట్టి చిప్పు పోతే ఇంకో సైమన్‌ని విప్పి దాని చిప్పు తీసి పెట్టడం తప్ప దారి లేదు. నా మొదటి సైమన్ అలాగే పోయింది.

ఇంటి చరిత్ర

డాక్టరు రోగం చూసేముందు నాలుగు ప్రశ్నలు అడిగినట్టు నేనూ అడుగుతాను. ఎప్పుడు కొన్నారు, ఎక్కడ పెట్టారు, ఆఖరిసారి ఎప్పుడు పనిచేసింది. టీచరమ్మకి ఆఖరిసారి ఎప్పుడో నెలతో సహా గుర్తుంది. 1989 నవంబర్, కావలి తుపాను.

వాళ్ల మేనమామ ఓడల్లో ఎలక్ట్రీషియన్. 1983లో మద్రాసులో దిగి, పినాకినిలా సూటిగా వచ్చే రైలు దొరక్క బస్సులు మారుతూ ఊరు చేరాడట, ఒళ్ళో ఈ డబ్బా పెట్టుకుని. సముద్రానికి దగ్గరి పల్లె. ఊళ్ళో అప్పటికి పిలకాయలకి తెలిసిన ఆటలు అష్టాచెమ్మా, వైకుంఠపాళి, ఉన్నవాళ్లింట్లో క్యారమ్స్. అలాంటి చోటికి తనంతట తాను వెలిగి, పాడి, తప్పు పట్టుకునే ఆట వచ్చింది. సాయంత్రమైతే వాకిట్లో ఇరవై మంది చేరేవాళ్లట. నలుగురికి నాలుగు మీటలు పంచి, ఎవరి రంగు వస్తే వాళ్లు నొక్కేలా కూడా ఆడుకునేవాళ్లు. దానికి ఆటలోనే ఒక స్విచ్ ఉంది.

ఆ నవంబర్‌లో తుపాను కావలి దగ్గర తీరం దాటింది. గే అని పేరు పెట్టిన తుపాను, థాయిలాండ్‌ని దాటుకుని వచ్చింది. వీళ్లది ఊళ్ళో గట్టి మిద్దె కావడంతో చుట్టుపక్కల పూరిళ్ల వాళ్లంతా అందులోనే తలదాచుకున్నారు. కరెంటు పోయింది. గాలి మోతకి పిలకాయలు ఏడుస్తుంటే వాళ్లమ్మ సైమన్ తీసి మధ్యలో పెట్టింది. చీకటి గదిలో ఆ నాలుగు రంగులే వెలుగు. "బయట గాలి హోరు, లోపల ఇది. ఎవరూ భయపడలా అన్నా" అన్నారు టీచరమ్మ. ఆవిడకి అప్పుడు 15, తమ్ముడికి 12.

తుపాను వెళ్ళిన మర్నాటి రాత్రి అందరూ నిద్రపోయాక తమ్ముడు ఒక్కడే ఆడి ఆఖరి స్థాయిలో 21 దాకా వెళ్ళానని అంటాడు. సాక్ష్యం లాంగెస్ట్ మీట. పొద్దున్నే అక్కకి చూపించాలని ఆఫ్ చేయకుండా పక్కన పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి ఆట మూగబోయింది. కొత్త సెల్స్ కొందామంటే తుపానుకి దుకాణాల్లేవు, దొరికిన నాలుగూ టార్చిలకే చాల్లేదు. తర్వాత తమ్ముడు హాస్టల్‌కి పోయాడు, ఆట అటకెక్కింది. 21 సంగతి అక్క నమ్మలేదు. "ఇప్పటికీ పండక్కి వస్తే ఈ గొడవ తీస్తాడు" అని నవ్వారు.

ఇంకో విషయం మాటల మధ్యలో చెప్పారు. దాని విలువ నాకప్పుడు తెలియలేదు. తమ్ముడికి పచ్చ, ఎరుపు తేడా సరిగా తెలియదు. అది పుట్టుకతో వచ్చిందని పెద్దయ్యాక ఒక ఉద్యోగం మెడికల్ టెస్టులో, చుక్కల మధ్య అంకెలు కనిపెట్టే ఇషిహరా పుస్తకం పెట్టినప్పుడుగానీ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మరి రంగులు తెలియని పిల్లాడు ఊరందరికన్నా బాగా సైమన్ ఎలా ఆడాడు? "వాడు కళ్ళు మూసుకుని ఆడేవాడన్నా. మేం పోజు కొడుతున్నాడని అనుకునేవాళ్లం."

విప్పినప్పుడు

స్క్రూలకి చెయ్యి వేయకముందే ఒక సంగతి కనిపించింది. పవర్ స్విచ్ ఆన్‌లో ఉంది. 35 ఏళ్లుగా ఆన్‌లోనే ఉంది. టీచరమ్మ చెప్పిన కథంతా ఆ స్విచ్‌లో అలాగే నిలబడి ఉన్నట్టనిపించింది. ఫోటో తీసుకుని అప్పుడు ఆఫ్ చేశాను.

సైమన్‌కి రెండు రకాల బ్యాటరీలు. బల్బులు వెలిగించడానికి రెండు పెద్ద టార్చి సెల్స్, చిప్పుకి ఒక 9 వోల్టుల చదరపు బ్యాటరీ, మన మల్టీమీటర్లలో వేసేదే. మూడూ లోపలే ఉన్నాయి. మూడూ కారిపోయాయి. పై కాగితం మొత్తం కుళ్ళిపోయి ఏ కంపెనీవో కూడా తెలియట్లేదు.

ఈ జింక్ కార్బన్ రకం సెల్‌లో బయటి డబ్బా జింకుతో చేసింది. సెల్ వాడుతున్నకొద్దీ ఖర్చయ్యేది ఆ జింకే. పూర్తిగా అయిపోయేదాకా వాడి వదిలేస్తే డబ్బా పల్చబడి చిల్లు పడుతుంది, లోపలి రసం బయటికొస్తుంది. తుపాను రాత్రులు బల్బులు పెద్ద సెల్స్‌ని తాగేశాయి, ఆన్‌లో ఉన్న చిప్పు చదరపు బ్యాటరీని తాగేసింది. తర్వాత అటక మీది ఎండ, మా తీరం ఉప్పుగాలి.

ఇక్కడ మెకానిక్ మిత్రులకి ఒక మాట. బ్యాటరీ కారిందనగానే నిమ్మరసమో వెనిగరో పొయ్యమని యూట్యూబ్‌లో చెప్తారు. అది ఆల్కలైన్ బ్యాటరీలకి, వాటి రసం క్షారం. పాత జింక్ కార్బన్ సెల్స్ రసం ఆమ్లం. దాని మీద మళ్ళీ పులుపు పోస్తే మిగిలిన రాగి కూడా పోతుంది. వీటికి తినే సోడా కావాలి. గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు సోడా కలిపి, సిరంజితో ఒక్కో చుక్క సెల్ చుట్టూ వదిలాను. స్క్రూడ్రైవర్ పెట్టి పీకలేదు, పీకితే ప్లాస్టిక్ గూడు పగులుతుంది. నురగ తగ్గాక మళ్ళీ ఒక చుక్క. ఒక పూట పట్టింది, సెల్స్ వాటంతట అవి వదిలాయి.

స్ప్రింగులు తుప్పు పట్టినా చిప్పపీచుతో రుద్దితే పనికొచ్చాయి. నల్ల వైరు పనికిరాలేదు. పైన ఇన్సులేషన్ శుభ్రంగానే ఉంది, చివర కొంచెం ఒలిస్తే లోపల రాగి బొగ్గులా ఉంది. ఇంకో అంగుళం ఒలిచాను, అక్కడా నలుపే. రసం వైరు లోపల పోగుల సందుల్లోంచి దీపం ఒత్తిలోకి నూనె ఎక్కినట్టు బోర్డు దాకా ఎక్కేసింది. ఆ నల్ల రాగికి లెడ్ (టంకం) అంటదు, ఎంత పేస్ట్ పెట్టినా అంటదు. మొత్తం వైరు మార్చాను. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది వైరు చివర కత్తిరించి అతికించి, రెండు నెలల్లో మళ్ళీ లూజ్ కాంటాక్ట్ తెచ్చుకుంటారు.

బోర్డులో 9 వోల్టుల క్లిప్పు వైపు మూల పచ్చటి పొర కట్టింది. సోడా నీళ్ల తర్వాత డిస్టిల్డ్ వాటర్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో. రెండు ట్రాకులు (బోర్డు మీది రాగి దారులు) తెగాయి, సన్నటి తీగతో కలిపాను. ఒక చిన్న కెపాసిటర్ కాలు బ్రష్ తగలగానే విరిగిపోయింది.

చిప్పు బతికుందా

కొత్త బ్యాటరీలు వేసి చూడాలని చెయ్యి పీకుతుంది. వేయకూడదు. ఎక్కడైనా షార్ట్ ఉంటే బ్యాటరీ ఆగదు. రెండు బెంచ్ సప్లైలు (వోల్టులు, కరెంటు మనం కోరినంతకే కట్టడి చేసే పెట్టెలు) పెట్టాను, ఒకటి 9 వోల్టులకి, ఒకటి 3 వోల్టులకి. రెండింటికీ కరెంటు లిమిట్ తక్కువలో పెట్టి మెల్లగా తెచ్చాను. చిప్పు కొన్ని మిల్లీ ఆంపియర్లు తీసుకుంది. అది మంచి కబురు. స్టార్ట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

చిప్పుకి గుండె దాని క్లాకు. ఇందులో క్రిస్టల్ లేదు, ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసి క్లాకు వేగాన్ని నిర్ణయిస్తాయి. స్కోప్ (కరెంటు అలల్ని తెర మీద గీతగా చూపించే పరికరం) పెట్టి చూస్తే ఆ పిన్ను దగ్గర గీత కదలకుండా పడుకుని ఉంది. విరిగిన కెపాసిటర్ అదే. నా డబ్బాలోంచి అదే విలువ ఉన్న సిరామిక్ కెపాసిటర్ తీసి పెట్టాను. గీత కదిలింది. స్టార్ట్ నొక్కాను. పచ్చ వెలిగి మోగింది.

షాపులో నేను ఒక్కణ్ణే ఉన్నాను. రాత్రి తొమ్మిదిన్నర. 1989లో ఆగిన గొంతు మళ్ళీ పలికింది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు సైన్స్ ఎగ్జిబిషన్‌కి ప్లైవుడ్ చెక్క మీద నట్లు బోల్టులు బిగించి క్విజ్ బోర్డు చేశాను. రెండు వైర్లతో ప్రశ్ననీ సరైన జవాబునీ తాకితే టార్చి బల్బు వెలుగుతుంది. అది మొదటిసారి వెలిగినప్పుడు పడిన సంతోషమే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది. ఆ రాత్రి సరిగ్గా అలాగే అనిపించింది.

మిగిలినవి త్వరగానే తేలాయి. ఎరుపు మీట కాంటాక్టు శుభ్రం చేస్తే పనిచేసింది. పసుపు బల్బు కాలిపోయింది. ఇక్కడ ఎల్ఈడీ పెట్టడం సులభం, టీచరమ్మ అనుమతి కూడా ఉంది. పెట్టి చూశాను కూడా. పక్కన మూడు ఫిలమెంట్ బల్బులు, ఒకటి ఎల్ఈడీ. ఫిలమెంట్ బల్బు ఒక్కసారిగా వెలగదు, రెప్పపాటులో ఎర్రబడి తర్వాత తెల్లబడుతుంది. ఆరేటప్పుడు కూడా వెలుగు కొంచెం తోకలా మిగిలి పోతుంది. ఎల్ఈడీ టక్కున వెలిగి టక్కున ఆరుతుంది. మూడు మీటలు ఊపిరి తీస్తుంటే నాలుగోది చిటికె వేసినట్టుంది. తీసేశాను. ఒంగోలులో ఒక పాత టార్చిలైటు కొట్లో చిన్న బల్బులు దొరికాయి. వాటిలో మిగతా మూడింటితో సమానంగా కరెంటు తీసుకునేదాన్ని మీటరుతో చూసి ఎంచాను. ఎక్కువ తీసుకునేది పెడితే బల్బులని నడిపే ఐసీ మీద భారం పడుతుంది, ఆ ఐసీ ఇప్పుడు దొరకడం కష్టం.

స్పీకరు కాగితపు కోన్‌కి పురుగు తిన్న చిల్లు. కొత్త ప్లాస్టిక్ కోన్ స్పీకరు పెడితే రేకు డబ్బాలో రాళ్లు వేసినట్టుంది. పాతదానికే మాసికేశాను. టిష్యూ పేపరు ఒక పొర మాత్రం విడదీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో, వెనక వైపు నుంచి. మాసిక అంచులు కత్తెరతో కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. చింపిన అంచు పల్చగా ఉండి కోన్‌లో కలిసిపోతుంది. ఒక రాత్రి ఆరనిచ్చాను.

భోగికి నాలుగు రోజుల ముందు టీచరమ్మకి అప్పగించాను. ఆవిడ పచ్చ మీట నొక్కి, చెయ్యి తీయకుండా చాలాసేపు అలాగే ఉండిపోయారు. జాబ్ పుస్తకంలో "క్లోజ్" అని రాశాను.

తిరిగి వచ్చిన కేసు

కనుమ మర్నాడు తమ్ముడు షాపుకి వచ్చాడు, సంచిలో సైమన్‌తో. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ పనిలో ఉంటాడు. మర్యాదగా మాట్లాడాడు, చాలాసార్లు థ్యాంక్స్ చెప్పాడు. ఆ తర్వాత మొహమాటపడుతూ, "అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఇది మాదే, కానీ గొంతు మాది కాదు" అన్నాడు.

నాకు నొప్పి అనిపించిన మాట నిజం. స్పీకరు మాసిక వల్లేమో అన్నాను. కాదన్నాడు. "మాసిక వల్ల అయితే గరగర వస్తుంది. ఇది గరగర కాదు. మొత్తం పైకెక్కి పాడుతుండాది. నీలం మీట ఇంకా లావుగా పలకాల."

35 ఏళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు. మీ పని ఏమిటని అడిగితే చెప్పాడు. క్వారీలో బ్లాకు కోసేముందు దాన్ని సుత్తితో తట్టి లోపల పగులుందో లేదో శబ్దాన్ని బట్టి చెప్తాడట. మంచి రాయి గంటలా మోగుతుంది, పగులుంటే మోత చచ్చిపోతుంది. అప్పుడు అక్క చెప్పిన మాట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని ఆడేవాడు. పచ్చ, ఎరుపు తేడా తెలియని పిల్లాడికి సైమన్ అంటే రంగులు కాదు, నాలుగు స్వరాలు.

ఫ్రీక్వెన్సీ కౌంటర్ (హెర్ట్జ్ కొలిచే మీటరు) తీశాను. ఈ పని అప్పగించేముందే చేసి ఉండాల్సింది. నీలం 223 చూపించింది, ఉండాల్సింది 209. పసుపు 269. ఎరుపు 331. పచ్చ 443. అన్నీ ఒకే లెక్కన, సుమారు 7 శాతం పైకి ఉన్నాయి. సంగీతం తెలిసినవాళ్ల లెక్కలో అర స్వరం కన్నా కాస్త ఎక్కువే. తప్పు నాది. స్వరాలన్నీ చిప్పు క్లాకు నుంచే పుడతాయి. నేను పెట్టిన కెపాసిటర్ మీద రాసిన విలువ సరైనదే, కానీ అలాంటి మామూలు సిరామిక్ కెపాసిటర్ రాసినదానికన్నా పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. నేను పెట్టింది తక్కువ వైపు ఉంది. క్లాకు వేగంగా కొట్టుకుంది, స్వరాలు పైకెక్కాయి, ఆట వేగమూ ఆ మేరకి పెరిగింది. అతనికి వేగం తేడా కూడా తెలిసిందట, "కొంచెం తొందరపెడుతుండాది" అన్నాడు.

సరిచేయడం పది నిమిషాల పని. కెపాసిటర్ మళ్ళీ మార్చకుండా, క్లాకు రెసిస్టర్‌కి సిరీస్‌లో ఒక చిన్న రెసిస్టర్ కలిపి విలువని సుమారు 7 శాతం పెంచాను. నీలం 209కి వచ్చింది. అంకె చూపించకుండా మీట నొక్కమన్నాను. అతను కళ్ళు మూసుకున్నాడు. నీలం నొక్కాడు, తర్వాత పసుపు, ఎరుపు, పచ్చ. మళ్ళీ నీలం.

"ఇదే" అన్నాడు. కళ్ళు తెరవడానికి కొంచెం టైం తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి పాత ఎలక్ట్రానిక్ ఆటకి క్లాకు భాగాలు ముట్టుకోక ముందు, ముట్టుకున్నాక ఫ్రీక్వెన్సీ కొలిచి రాస్తున్నాను. సైమన్‌లా మూగగా వస్తే, అది పలకాల్సిన అంకెలు ముందే సంపాదించుకుంటున్నాను. ఇంట్లో బాగా ఆడినవాళ్లు ఎవరో అడిగి, కుదిరితే వాళ్లనే పిలిచి, వాళ్లు వినేదాకా జాబ్ క్లోజ్ చేయట్లేదు. కొన్నాళ్లకి ఒంగోలు నుంచి ఒక వకీలుగారు చదరంగం ఆడే కంప్యూటర్ బోర్డు తెచ్చారు. గడి మీద పావు నొక్కినప్పుడు వచ్చే చిన్న పీప్ శబ్దం ఆయనకి ముఖ్యం, గెలుపు ఓటములు కాదు. అడగబట్టి తెలిసింది.

ఉగాది నాడు

అప్పగించేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాను. ఆడటం అయ్యాక మూడు బ్యాటరీలూ తీసి పక్కన పెట్టమని. తడ ఫ్యాక్టరీ పేరుతో మా జిల్లాలో అందరికీ తెలిసిన నిప్పో సెల్స్ నేనే కొని వేశాను, అయినా ఏ కంపెనీ సెల్ అయినా అయిపోయాక లోపల ఉంచకూడదు.

2025 ఉగాది నాడు చుట్టాలింటికి ఒంగోలు వెళ్ళి, అక్కడి నుంచి తమ్ముడి ఇంటికి పోయాను. ఫాలో అప్ అనుకోండి. సైమన్ టీవీ పక్కన ఉంది. స్విచ్ ఆన్‌లో ఉంది.

"ఆఫ్ చెయ్యొద్దన్నా" అని లోపలి నుంచే అరిచాడు. రాత్రి ఆఖరి స్థాయిలో 22 దాకా వెళ్ళాడు. అక్క రేపు వస్తుంది. లాంగెస్ట్‌లో ఉంది, ఈసారి చూపించాల్సిందే.

చదరపు బ్యాటరీ ఎన్నాళ్లయింది వేసి అని అడిగాను. పండగ నుంచి అదే. మీటరు పెట్టి చూస్తే బాగా పడిపోయింది, రాత్రి దాకా కూడా ఆగేలా లేదు. వరస గుర్తు పెట్టుకునేది చిప్పు, చిప్పుకి ఆధారం ఆ బ్యాటరీ. 1989లో తెల్లారేసరికి పోయింది కూడా అదే అయ్యుంటుంది. తీసి కొత్తది వేద్దామంటే తీసిన క్షణంలో 22 పోతుంది.

నా మల్టీమీటర్ వెనక మూత తీసి దానిలోని 9 వోల్టుల బ్యాటరీ బయటికి లాగాను. సంచిలో ఒక డయోడ్, రెండు వైరు ముక్కలు దొరికాయి. బ్యాటరీ క్లిప్పు వెనక కొంచెం ఒలిచి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి వేళ్ళతో గట్టిగా పట్టుకున్నాను. కొత్తది పెట్టినప్పుడు దాని కరెంటు నా మీటరు బ్యాటరీలోకి వెనక్కి పోకుండా డయోడ్, అది కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. "ఇప్పుడు పాతది తియ్" అన్నాను. అతని చేతులు వణికాయి. పాతది తీసి, వీధి చివర కొట్లో తెచ్చిన కొత్తది క్లిప్పుకి పెట్టాడు. నేను వైర్లు వదిలాను. లాంగెస్ట్ నొక్కాడు. నీలం, నీలం, పచ్చ, పసుపు అంటూ మొదలుపెట్టి ఆఖరిదాకా పాడింది.

మర్నాడు పది గంటలప్పుడు టీచరమ్మ ఫోన్ చేశారు. వెనక సైమన్ మోగుతోంది.

"లెక్కపెట్టానన్నా" అన్నారు. "ఇరవై రెండు."